కుక్కకు పుస్తకం చదివి వినిపిస్తే పిల్లలకు చదవడం వస్తుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బాబు సెకండ్ గ్రేడ్. లెక్కలు చకచకా చేస్తాడు కానీ క్లాసులో పైకి చదవమంటే గొంతు పెగలదు. రీడింగ్‌లో వెనకబడ్డాడని టీచర్ నోటు పంపారు. మా లైబ్రరీలో శనివారాలు పిల్లలు థెరపీ డాగ్‌కు (మనుషులకు ఊరట ఇవ్వడానికి తీసుకొచ్చే సాధు కుక్కకు) పుస్తకం చదివి వినిపించే కార్యక్రమం ఉంది. దానివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా, ఊరికే సరదాకేనా? మా అత్తయ్యగారు "కుక్క ముందు చదవడమేమిటి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అంటున్నారు. మా ఇంట్లో రెండేళ్ల లాబ్రడార్ ఉంది, దాన్ని కూడా అలా తీసుకెళ్లొచ్చా? హైదరాబాద్‌లో మా చెల్లెలు టీచరు, అక్కడ ఇలాంటిది మొదలుపెట్టొచ్చా?

జవాబు:

మీ అత్తయ్యగారి మాటతోనే మొదలుపెడతాను. ఆవిడ ఎగతాళికే అన్నా అసలు కిటుకు పట్టేశారు. చెవిటివాడి ముందు శంఖం తప్పుగా ఊదినా వాడేమీ అనడు. కొత్తగా ఊదడం నేర్చుకుంటున్నవాడికి అంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు?

పిల్లలు చదివి వినిపించడానికి మా కుక్కను తీసుకెళ్లే పని నేను న్యూజెర్సీలో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. టీచర్ని కాదు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. మొదట తీసుకెళ్లింది పసుపురంగు లాబ్రడార్‌ని. పేరు సున్నుండ. ఇక్కడి పిల్లలకు నోరు తిరక్క వారం రోజుల్లో 'సన్నీ' చేసేశారు. అది ముసలిదై రిటైరయ్యాక ఇప్పుడు మిరియం వస్తోంది. నల్లగా ఉంటుంది, ఏ జాతో డాక్టర్‌కీ తెలియదు. రెండూ కలిపి కొన్ని వందల మంది పిల్లల చదువు విన్నాయి. వాటి పక్కన కూర్చుని నేనూ విన్నాను. నేను చెప్పేదంతా అలా కూర్చుని తెలుసుకున్నదీ, ఈ విషయం మీద చదివినదీ.

ముందు ఒక మాట. కుక్క చదవడం నేర్పదు. అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె నేర్పేది టీచరే. కుక్క ఇచ్చేది, పిల్లవాడు భయం లేకుండా పైకి చదవగలిగే ఒక పావుగంట. ఆ పావుగంటకు ఎంత విలువుందన్నది మీ బాబు ఎందుకు చదవలేకపోతున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. దాని సంగతి కింద చెబుతాను.

ఈ కార్యక్రమాలకు మూలం సాల్ట్ లేక్ సిటీ. అక్కడ ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే సంస్థ ఉంది. ఆస్పత్రుల్లో రోగుల దగ్గరకు పెంపుడు జంతువుల్ని తీసుకెళ్లడం వాళ్ల పని. ఆ సంస్థలో ఉన్న శాండీ మార్టిన్ అనే నర్సుకు ఒక ఆలోచన వచ్చింది. కుక్క పక్కనుంటే రోగులకు ఆందోళన తగ్గుతోంది కదా, చదవడానికి భయపడే పిల్లలకు మాత్రం ఎందుకు తగ్గదు? 1999లో తన కుక్క ఒలీవియాతో ఊళ్లోని పబ్లిక్ లైబ్రరీలో మొదలుపెట్టింది. తర్వాత స్కూళ్లకూ వెళ్లారు. దాని పేరు 'రీడింగ్ ఎడ్యుకేషన్ అసిస్టెన్స్ డాగ్స్'. పొడి అక్షరాలు కలిపితే 'రీడ్' అవుతుంది, అలా కుదిరేలా పెట్టిన పేరే. ఇవాళ అమెరికాలో ఏ ఊరి లైబ్రరీలో ఇలాంటి శనివారం కనబడినా అది నేరుగా అక్కడినుంచి వచ్చిందో, దాన్ని చూసి పెట్టుకున్నదో అయి ఉంటుంది. బ్రిటన్‌లో 'పెట్స్ యాజ్ థెరపీ' సంస్థ వాళ్లు స్కూళ్లలో ఇదే పని చేస్తున్నారు.

ఉపయోగం ఉందా అన్న దానికి పరిశోధనలు ఏమంటున్నాయో దాచకుండా చెబుతాను. ఎందుకంటే ఈ రంగంలో మావాళ్లే కాస్త ఎక్కువ చెప్పుకుంటారు.

గట్టిగా చెప్పగలిగింది భయం గురించి. 1983లోనే ఎరికా ఫ్రీడ్‌మన్, ఏరన్ కాచర్ బృందం 38 మంది పిల్లల బీపీ చూసింది. ఊరికే కూర్చున్నప్పుడు చూశారు, పైకి చదివేటప్పుడు చూశారు. పైకి చదివితే ఎవరికైనా బీపీ కాస్త పెరుగుతుంది. గదిలో ఒక కుక్క ఉంటే రెండు సందర్భాల్లోనూ పిల్లల బీపీ తక్కువగా ఉంది. ఆ కుక్క ఏమీ చేయలేదు, ఊరికే గదిలో ఉందంతే.

చదవడం మెరుగవుతుందా అన్నదగ్గర నాకు బాగా నచ్చినది దక్షిణాఫ్రికా అధ్యయనం, 2014లో అచ్చయింది. మూడో తరగతి పిల్లలు 102 మందిని తీసుకుని కొందరిని కుక్కకు, కొందరిని ఒక పెద్ద మనిషికి, ఇంకొందరిని టెడ్డీబేర్‌కు చదివి వినిపించమన్నారు. మిగిలినవాళ్లు మామూలుగా క్లాసులోనే ఉన్నారు. పది వారాల తర్వాత చదివింది అర్థం చేసుకోవడంలో కుక్కకు చదివిన పిల్లలు మిగతావాళ్లకంటే ముందున్నారు. ఈ టెడ్డీబేర్ ఆలోచన నాకు చాలా ఇష్టం. 'మెత్తగా, బొచ్చుగా ఉండి తిట్టనిది ఏదైనా చాలు' అనేవాళ్లకు అది జవాబు. ఊపిరి పీల్చేదీ, తోక ఆడించేదీ పక్కనుంటే దాని దారి వేరు.

2019లో కెనడాలో చేసిన చిన్న అధ్యయనం ఇంకోటి ఉంది. పిల్లలు 17 మందే. వాళ్ల స్థాయికంటే కాస్త కష్టమైన పాఠాలిచ్చారు. కుక్క పక్కన ఉన్నప్పుడు పిల్లలు వదిలేయకుండా ఎక్కువసేపు పట్టుదలగా చదివారు. నేను వారంవారం చూసేదీ ఇదే. వేగం తర్వాత వస్తుంది, ముందు వచ్చేది పుస్తకం మూసేయకపోవడం.

ఇక రెండో వైపు. 2016లో బ్రిటన్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్లతో కూడిన ఒక బృందం అప్పటిదాకా వచ్చిన 48 అధ్యయనాల్ని ఒకచోట పెట్టి చూసింది. మేలు జరిగే సూచనలున్నాయి కానీ చాలా అధ్యయనాలు బలహీనంగా ఉన్నాయి, వీటిని చూసి గట్టిగా ఏదీ తేల్చలేం అన్నారు. కాబట్టి 'పది వారాల్లో మీ పిల్లవాడు రెండు లెవెల్స్ పైకి' అని ఎవరైనా ఫ్లయర్ వేస్తే నమ్మకండి.

అసలు అక్కడ ఏం జరుగుతుందో చెబితే మీకే అర్థమవుతుంది. లైబ్రరీలో ఒక మూల కింద దుప్పటి పరుస్తాం. కుక్క పడుకుంటుంది, పట్టీ నా చేతిలోనే ఉంటుంది, ఎప్పుడూ వదలను. పిల్లవాడు దానికి ఆనుకునో, ఎదురుగానో కూర్చుంటాడు. ఒక్కొక్కరికి 15 నుంచి 20 నిమిషాలు. అమ్మానాన్నల్ని కొంచెం దూరంగా కూర్చోమంటాం. ఈ నియమం మనవాళ్ల కోసమే పెట్టారేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అయిదడుగుల దూరంలో నిలబడి పెదవులు కదుపుతూ పిల్లవాడికి మాట అందించే నాన్నల్ని ఎంతమందిని చూశానో!

పిల్లవాడు ఒక మాట దగ్గర ఆగితే నేను తొందరపడను. మనసులో అయిదు అంకెలు లెక్కపెడతాను. చాలాసార్లు ఆ అయిదు అయ్యేలోపే వాడే చదివేస్తాడు. చదవకపోతే మిరియం మీద పెట్టి అడుగుతాను: "ఈ మాట మిరియానికి కొత్తలా ఉంది, బొమ్మ చూసి దానికి చెబుతావా?" అప్పుడు తెలియనిది పిల్లవాడికి కాదు, కుక్కకి. చెప్పేవాడి హోదా వాడికొస్తుంది. మాకు శిక్షణలో నేర్పే కిటుకుల్లో ఇదే ముఖ్యమైనది, దీన్ని పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఎందుకు పట్టిందో చెబుతాను. సున్నుండతో వెళ్లిన కొత్తలో ఒక ఏడేళ్ల బాబు 'ఐలండ్' అన్న మాటని 'ఇస్‌-ల్యాండ్' అని చదివాడు. నా నోరు ఊరుకోలేదు. "ఐలండ్ నాన్నా, ఎస్ పలకదు" అన్నాను, చాలా మెత్తగానే అన్నాను. వాడు పుస్తకం మూసి, కుక్క చెవి నిమురుతూ మిగతా పది నిమిషాలూ గడిపేశాడు. సున్నుండ పనిలో లోపం లేదు. పక్కనున్న మనిషిదే లోపం. ఆ ఇంగ్లీషు మాటలో ఎస్‌ని పలకకుండా ఎందుకు పెట్టారో నాకూ తెలియదు, మరి వాడికెలా తెలుస్తుంది? రెండు వారాల తర్వాత అదే పుస్తకం తెచ్చుకుని, ఆ పేజీ దగ్గర నా వైపు ఒకసారి చూసి, సరిగ్గా చదివాడు.

ఇదంతా నాకు కొత్తేమీ కాదని తర్వాత గుర్తొచ్చింది. తెనాలి దగ్గర మా ఊళ్లో మూడో తరగతి వాచకం నేను గొడ్లచావిట్లో కూర్చుని గేదెకు చదివేదాన్ని. బళ్లో మాస్టారి బెత్తం, ఇంట్లో అన్నయ్య నవ్వు. గేదె దగ్గర ఆ రెండూ లేవు. నెమరువేస్తూ చూస్తుండేది, నేను వత్తులు మింగేసినా దానికి పట్టేది కాదు. దున్నపోతు మీద వాన అని తిట్టుగా వాడతాం కానీ, ఆ వానలో నేను చాలానే నేర్చుకున్నాను.

ఇప్పుడు మీ బాబు సంగతి. మీ ఇంట్లోనే లాబ్ ఉందంటున్నారు కాబట్టి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఎవరూ లేని గదిలో వాణ్ని కుక్కతో వదిలి, మీరు పక్కగదినుంచి చెవి వేయండి. క్లాసులో తడబడేవాడు అక్కడ సాఫీగా చదువుతున్నాడంటే సమస్య ఎక్కువగా భయానిదే. శనివారం లైబ్రరీ వాడికి బాగా పనికొస్తుంది. అక్కడ కొత్త చోటు, తెలియని కుక్క, పక్కన ఒక తెలియని మనిషి ఉంటారు. ఇంటికీ క్లాసుకీ మధ్య మెట్టులాంటిది.

అలా కాకుండా కుక్క ముందు కూడా ప్రతి మాటా కూడబలుక్కుంటున్నా, మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెబుతున్నా, నిన్న చదివిన మాటే ఇవాళ కొత్తగా కనబడుతున్నా, అప్పుడు కుక్కతో ఆగకండి. సెకండ్ గ్రేడ్ చివరికొచ్చేసరికి క్లాసులో మధ్యస్థంగా చదివే పిల్లలు నిమిషానికి 100 మాటల దరిదాపుల్లో చదువుతారు, మొదట్లో ఉండేది 50 దాకానే. మీ బాబు లెక్క ఎంతో టీచర్ని అంకెల్లో అడగండి. బాగా తక్కువుంటే డిస్‌లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా మాటలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో చూడమని స్కూలుకు రాతపూర్వకంగా ఎవాల్యుయేషన్ అడగండి. పబ్లిక్ స్కూల్లో దానికి ఫీజు ఉండదు. "పెద్దయితే అదే వస్తుందిలే" అని రెండేళ్లు పోగొట్టుకున్న తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. లెక్కల్లో చురుగ్గా ఉన్న పిల్లల విషయంలోనే ఇది ఎక్కువ, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. ఎవాల్యుయేషన్ జరుగుతుండగా శనివారాలు వెళ్లడానికి అడ్డేమీ లేదు, రెండూ సాగనివ్వండి.

మీ లాబ్ గురించి. వయసు సరిపోయింది, చాలా సంస్థలకు కనీసం ఏడాది నిండాలి. జాతితో పనిలేదు, స్వభావమే చూస్తారు. 'మా కుక్క పిల్లలంటే పడిచస్తుంది' అని అందరూ చెబుతారు, కానీ పడిచచ్చే కుక్క ఈ పనికి పనికిరాదు. మీద పడి ముఖం నాకేది కాకుండా, వచ్చి, వాసన చూసి, పక్కన కూలబడేది కావాలి. ముందు అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ల 'కేనైన్ గుడ్ సిటిజన్' పరీక్ష ఇప్పించండి. అందులో పది అంశాలు ఉంటాయి. కొత్త మనిషి వచ్చి నిమిరితే ఊరుకోవడం, జనంలో లాగకుండా నడవడం, మీరు మూడు నిమిషాలు కనబడకపోయినా గోల చేయకపోవడం లాంటివి. అది గట్టెక్కాక 'పెట్ పార్ట్‌నర్స్', 'అలయన్స్ ఆఫ్ థెరపీ డాగ్స్' లాంటి సంస్థలో చేరాలి. పరీక్ష కుక్కకొక్కదానికే అనుకోకండి, మీకూ కలిపి ఉంటుంది. అలయన్స్ వాళ్లయితే పరీక్ష తర్వాత మూడుసార్లు మీ వెంట ఒక మనిషి వచ్చి మీరు చేసేది చూస్తారు. పెట్ పార్ట్‌నర్స్ రెండేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు, పచ్చిమాంసం తిండిగా పెట్టే కుక్కల్ని తీసుకోరు. సంస్థ ద్వారా వెళ్తే ఇన్సూరెన్స్ ఉంటుంది. సొంతంగా మాత్రం వెళ్లకండి. ఎంత మంచి కుక్కయినా ఒక పసివాడు దాని తోక మీద కాలేస్తే ఏమవుతుందో చెప్పలేం.

ఇంకో సంగతి, థెరపీ డాగ్ అని కార్డు వచ్చినంత మాత్రాన దాన్ని విమానంలోకో రెస్టారెంట్‌లోకో తీసుకెళ్లే హక్కు రాదు. ఆ చట్టం వికలాంగులకు సాయం చేసేలా శిక్షణ పొందిన సర్వీస్ డాగ్స్‌ది, ఇది వేరు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు.

వెళ్లే ముందురోజు స్నానం, గోళ్లు తీయడం, పళ్లు తోమడం. రేబీస్ టీకా, ఏటా మలపరీక్ష ఎలాగూ ఉంటాయి. ఇవన్నీ తేలికే. కష్టమైనది కుక్క 'ఇక చాలు' అంటే వినడం. అది నోటితో చెప్పదు. ఆవలిస్తుంది, పెదవులు నాకుతుంది, తల పక్కకు తిప్పేస్తుంది, కళ్లలో తెల్లగుడ్డు కనబడుతుంది. ఒకసారి ఒక స్కూలువాళ్లు వరసగా తొమ్మిది మంది పిల్లల్ని పెట్టేశారు, మధ్యలో విరామం లేదు. మొహమాటానికి నేనూ సరేనన్నాను. ఆరో పిల్ల చదువుతుండగా సున్నుండ మూడుసార్లు ఆవలించింది. నిద్రొస్తోందేమో అనుకున్నాను. ఏడో పిల్లవాడు కూర్చోగానే అది లేచి వెళ్లి టీచర్ బల్ల కింద దూరింది. పాపం ఆ పిల్లవాడు "నా కథ నచ్చలేదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఎవరు ఎంత అడిగినా ఒక పూటకు నలుగురే, గంట దాటితే లేచిపోతాను. రెండు గంటలు దాటకూడదని సంస్థల నియమం, నా లెక్కలో అదీ ఎక్కువే.

హైదరాబాద్‌లో మీ చెల్లెలి సంగతి కాస్త వేరు. మన దేశంలో ఈ పని తెలిసినవాళ్లు లేరని కాదు. ముంబయిలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ ప్రత్యేక అవసరాలున్న పిల్లల దగ్గరకు శిక్షణ ఇచ్చిన కుక్కల్ని చాలా ఏళ్లుగా తీసుకెళ్తోంది. అయితే మన వీధుల్లో పెరిగే పిల్లవాడికి కుక్క అంటే మొదట గుర్తొచ్చేది మొరగడం, తరమడం, ఇంజెక్షన్లు. అది ఉత్త భయం కాదు, అనుభవం. యాభైమంది ఉన్న క్లాసులోకి ఎవరో తెలిసినవాళ్ల పెంపుడు కుక్కను తెచ్చి నిలబెడితే సగంమంది బెంచీలెక్కుతారు. పైగా క్లాసులో సాధువైన కుక్కను నిమిరిన పిల్లవాడు సాయంత్రం వీధి కుక్క మీద చెయ్యి వేస్తే ఆ బాధ్యత ఎవరిది? పరీక్షించి, ఇన్సూరెన్స్ చేసి పంపే సంస్థ ఊళ్లో దొరికితే ఇద్దరు ముగ్గురు పిల్లలతో, తల్లిదండ్రుల సంతకాలతో మొదలుపెట్టమనండి. దొరక్కపోతే కుక్క లేకుండానే దీనిలోని సారం తీసుకోవచ్చు. నాలుగో తరగతి పిల్లల్ని ఒకటో తరగతి పిల్లల దగ్గర కూర్చోబెట్టి బొమ్మల పుస్తకాలు చదివించమనండి. తడబడే పిల్లవాడికి చిన్న పుస్తకం చదవడం నామోషీ, కానీ చిట్టివాళ్ల కోసమైతే దర్జాగా చదువుతాడు. ఆ చిట్టివాళ్లు తప్పులు పట్టరు. టీచరు మాత్రం ఆ గదిలో వెనక్కి తిరిగి ఏదో రాసుకుంటున్నట్టు ఉండాలి.

మా ఊళ్లో ఆదివారం తెలుగు బడికి వెళ్లే ఒక పాప ఉంది. ఇంగ్లీషు గడగడా చదువుతుంది, తెలుగు వాచకం తీస్తే ఏడుపే. వాళ్లమ్మ అడిగితే మిరియాన్ని వాళ్లింటికి తీసుకెళ్లాను. ఇది లైబ్రరీ పని కాదు, స్నేహంకొద్దీ. 'అమ్మమ్మ' అన్న మాట దగ్గర మకింద మవత్తు చూసి ఆగి, "మిరియానికి తెలుగు వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. "అయితే సరే" అని చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాం. వత్తులు పలుకుతోంది. శ, ష, స మాత్రం ఇంకా ఒకటే, అది మా ఆయనకీ ఒకటే అనుకోండి.

శనివారం వెళ్లేటప్పుడు మీ బాబు ఇంతకుముందు ఒకట్రెండుసార్లు చదివేసిన పుస్తకమే పట్టుకెళ్లండి, మొదటిసారికి కొత్త పుస్తకం వద్దు. టీచర్ ఇచ్చిన లెవెల్ పుస్తకం అసలే వద్దు. పుస్తకం వాణ్నే ఎంచుకోనివ్వండి, డైనోసార్లయినా డంప్‌ట్రక్కులయినా సరే. పది నిమిషాలు ముందు చేరితే కుక్కతో పరిచయం అవుతుంది. బాబుకి ఎలర్జీ ఏమైనా ఉంటే ముందే చెప్పండి, 'ఎలర్జీ రాని జాతి' అని అమ్మే కుక్కలకూ ఉమ్మిలో, చుండులో అదే పదార్థం ఉంటుంది. అయ్యాక కారులో "ఎన్ని తప్పులొచ్చాయి?" అని అడగకండి. కుక్కకు కథలో ఏ చోటు నచ్చిందట అని అడగండి, వాడే చెబుతాడు. ఆరు వారాలైనా వరసగా వెళ్లాక అప్పుడు పని చేస్తోందో లేదో చూడండి. మీరు దూరంగా కూర్చుని మీ పుస్తకం మీరు చదువుకోండి. నల్ల ప్యాంటు మాత్రం వేసుకోకండి, లాబ్ వచ్చిందంటే ఆ వెంట్రుకలు ఉతికినా పోవు. అది మీకు నేను చెప్పక్కర్లేదులెండి.